అమ్మ ఎదురొచ్చింది

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. మా తాతలు వేలిముద్రలు వేశారు. మా నాన్న ఆటో లైసెన్సు కోసం సంతకం నేర్చుకున్నాడు. నేను చదువుతూనే మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు చేసి, ఫస్టు క్లాసులో పాసై, మాదాపూర్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఈ సంగతి అప్పట్లో మా గల్లీలో నేను చెప్పని మనిషి లేడు. ఇస్త్రీ బండి ఆయనకి చెప్పాను. జిరాక్సు షాపులో చెప్పాను. సిటీ బస్సులో పక్క సీటు ఆవిడ ఏమీ అడక్కముందే చెప్పాను. కానీ ఆ ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున జరిగిన సంగతి ఇంకొకటుంది. అది ఇంతవరకు మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మా గల్లీ నాయకుడి గురించి చెప్పాలి. సంతోషంగా చెప్తాను. ఆయన కార్పొరేటర్ అయ్యాడు, ఎమ్మెల్యే అయ్యాడు, పార్లమెంటుకు బయల్దేరాడు. బయల్దేరాడు, అంతే.

అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఒక గల్లీలో మాది రెండు గదుల ఇల్లు. నాన్న పంజాగుట్ట చౌరస్తాలో ఆటో నడిపేవాడు. అమ్మ పొద్దున్నే ఇంటింటికీ పాల ప్యాకెట్లు వేసేది. నేను స్కూల్లో ఉన్నప్పుడే మా చుట్టూ పెంకుటిళ్లు కూలిపోయి నాలుగంతస్తుల హాస్టళ్లు లేచాయి. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పిల్లలు సూట్‌కేసులతో దిగి కంప్యూటర్ కోర్సుల్లో చేరేవాళ్లు. గోడల నిండా ఆ కోర్సుల పోస్టర్లు ఉండేవి. తర్వాత్తర్వాత వాటి మీద మా నాయకుడి పోస్టర్లు పడ్డాయి.

అప్పటికి ఆయన ఇంకా నాయకుడు కాదు. సెంట్రింగ్ సామాన్లు అద్దెకిచ్చేవాడు. ఊరంతా బిల్డింగులు లేస్తున్న రోజులు కాబట్టి బాగా కలిసొచ్చింది. గల్లీ మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆయన ఇల్లు. పార్టీ కార్పొరేటర్ టికెట్ ఇచ్చిన రోజు నుంచి తెల్ల బట్టలు తొడిగాడు. నామినేషన్ వేయడానికి ఆయన గేటు దాటిన నిమిషంలో మా అమ్మ పాల ట్రేతో సరిగ్గా ఎదురొచ్చింది. నుదుట ఇంత బొట్టు, చేతి నిండా గాజులు, ట్రేలో పాలు. ఎవరైనా పని మీద బయల్దేరినప్పుడు అలాంటి మనిషి ఎదురైతే పని జరుగుతుందని మా వాళ్లందరి నమ్మకం.

ఆయన ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అక్కా, నువ్వే ఎదురొచ్చినవా? పాలు సుత ఉన్నయ్. ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు.

అతి తక్కువ ఓట్లతో గెలిచాడు. ఆ గెలుపునంతా మా అమ్మ ముఖానికే కట్టబెట్టాడు. వాళ్ల బామ్మర్ది చేత మామిడిపండు రంగు చీర పంపించాడు, ఆకుపచ్చ అంచుది. ఈ బామ్మర్ది ఎప్పుడూ ఆయన వెనకే నడిచేవాడు. ఒక చేతిలో ఆయన సెల్‌ఫోన్లు, ఇంకో చేతిలో ఆయన తువ్వాలు. పోస్టర్లలో కూడా కింద మూలన గోరంత ఫోటో వేయించుకునేవాడు.

ఆ తర్వాత కార్పొరేటర్ ఏ పనికి కదిలినా బామ్మర్ది మా గుమ్మంలో ఉండేవాడు. "అక్కా, బావ బైలెల్తుండు. జర ఎదురు రా." మురుగు మోరీకి శంకుస్థాపనైనా, కార్పొరేషన్ మీటింగైనా, ఎవరి మీదో వేసిన కేసైనా సరే. అమ్మ ఉతుకుతున్న బట్టలు వదిలేసి, ఫ్రిజ్‌లోంచి ఒక పాల ప్యాకెట్ తీసుకుని పరుగెత్తేది. నాన్న మంచం మీద పడుకుని నవ్వేవాడు.

"ఏమే, నీ ముఖం చూడకుంటే ఆయన సండాస్‌కు సుత పోడా?"

"నీకేం తెలుసు. పెద్ద మనిషి అక్కా అంటుండు" అనేది అమ్మ.

అమ్మకి అది గొప్ప. నాకూ గొప్పే. నా టెన్త్ పరీక్షలకి అమ్మ రోజూ గల్లీ చివరి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, నాకు ఎదురు నడిచి వచ్చేది. మా స్నేహితురాళ్లకి కూడా ఎదురొచ్చేది. "అమ్మా, నాకు లెక్కల పేపరుంది, రా అమ్మా" అని పక్క పోర్షన్ల పిల్లలు పిలుచుకుపోయేవాళ్లు.

నేను ఇంటర్‌లో ఉండగా నాన్న కామెర్లతో పోయాడు. గాంధీ ఆసుపత్రిలో పది రోజులుంచాం, మిగల్లేదు. ఆ ఏడాదే మా కార్పొరేటర్‌కి ఎమ్మెల్యే టికెట్ వచ్చింది.

నామినేషన్ రోజు మా ఇంటికి ఎవరూ రాలేదు. అమ్మ పొద్దుటి నుంచి గుమ్మం వైపు చూస్తూనే ఉంది. "ఇంత గడబిడల బామ్మర్ది మరిచిపోయి ఉంటడు. నేను పోకుంటే ఆయన ఆగిపోతడే" అంది. తనే పాల ప్యాకెట్లు రెండు పట్టుకుని బయల్దేరింది. నిజంగా అదే అనుకుంది మా అమ్మ. తను రాకపోతే ఆయన గేటు దాటలేడని, దాటకపోతే ఆయన పని చెడుతుందని. నేను వెనకే వెళ్లాను.

గేటు ముందు డప్పులు మోగుతున్నాయి. పటాకుల పొగ. బండ్లు వరసగా నిలబడ్డాయి. ఆయన గేటు దాటి అమ్మను చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. చెయ్యి పైకెత్తితే డప్పులు ఆగిపోయాయి.

"ఎవడ్రా ఈమెను రానిచ్చింది?" అన్నాడు. అమ్మ వైపు తిరిగి, "ఏమే, గింత తెల్వదానే నీకు? మొగుడు పోయి ఏడాది కాలే. ఇంట్ల కూసోవాలె గద!"

అక్కా అనలేదు. ఆయన నోట్లోంచి అక్కా పోయి 'ఏమే' వచ్చింది. బామ్మర్ది వచ్చి అమ్మ భుజం పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ పక్క గోడ వైపు తిప్పాడు. "జర గటు దిక్కు నిలవడు. బండ్లు పోయేదాంక ఇటు తిరగకు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, కుర్చీ జరిపినట్టు జరిపాడు.

ఆయన మళ్లీ లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని, కొత్తగా బయల్దేరాడు. బండ్లన్నీ అమ్మ వీపు వెనక నుంచి వెళ్లాయి. గోడ మీద ఆయన పోస్టరే ఉంది, రెండు చేతులూ జోడించి. అమ్మ దాని ఎదురుగా నిలబడింది. చేతిలో పాల ప్యాకెట్లకి చెమట పట్టి నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి.

ఆయన ఎమ్మెల్యే అయ్యాడు.

అమ్మ మారిపోయింది. గల్లీ నిద్ర లేవకముందే పాలు వేసి వచ్చేది. ఎవరి గేటైనా చప్పుడైతే, ఎవరూ చెప్పకుండానే, గబుక్కున గోడ వైపు తిరిగిపోయేది. ఆ గేటులోంచి వచ్చేది పక్కింటి చిన్న పిల్లాడైనా సరే. ఇది నేను క్షమించలేకపోయాను. ఆయన ఒక్కసారి తిప్పాడు. తర్వాత నుంచి మా అమ్మ తనే తిరుగుతోంది.

నా పరీక్షల రోజుల్లో వంటింటి తలుపు వెనక నిలబడేది.

"అమ్మా, ఒక్కపారి బయటికి రా."

"నేను రాను బిడ్డా. నువ్వు పో. నా ముఖం చూసి పోకు."

"నీ ముఖానికేమైంది?"

"పొద్దు పోతుంది, పో."

నేను బయటికి వచ్చేదాన్ని. గల్లీ చివర ఆయన ఫ్లెక్సీ. ఎమ్మెల్యే అయ్యాక మనిషికంటే ఫ్లెక్సీ ఎక్కువ ఎదిగింది. పరీక్షకి వెళ్లే పిల్లలంతా దేవుడికి దండం పెట్టుకునేవాళ్లు. నేను ఆ ఫ్లెక్సీ ముందు ఆగి, నిన్ను వదలను అని చెప్పి బస్సెక్కేదాన్ని. డిగ్రీ మూడేళ్లూ అదే చెప్పాను. హాయిగా ఉండేది. పరీక్షలు కూడా బాగా రాసేదాన్ని.

ఆయన మాత్రం పెరుగుతూ పోయాడు. అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్ తెరిచినా జ్యోతి వెలిగించేది ఆయనే. ప్రపంచానికి కంప్యూటర్ నేర్పింది తనే అన్నట్టు మాట్లాడేవాడు. పదవి పెరిగిన కొద్దీ నమ్మకాలూ పెరిగాయి. ఒక సిద్ధాంతిని పెట్టుకున్నాడు. గేటు ఈశాన్యానికి మార్చాడు, మెట్లు కొట్టేసి ఇంకోవైపు కట్టించాడు. ఆయన బయల్దేరేముందు కుర్రాళ్లు వచ్చి గల్లీలో భర్త లేని ఆడవాళ్లందరినీ లోపలికి పొమ్మనేవాళ్లు. మా ఎదురింట్లో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆంటీ కూడా అందులో ఉంది. ఆమెది తెనాలి వైపు. భర్త ఎప్పుడో పోయారు.

"ఏంటండీ ఇది? నా గేటు ముందు నేను నిలబడకూడదా?" అని ఆమె అరిచేది.

"నిలవడొచ్చు ఆంటీ. అన్న పోయినంక నిలవడు" అనేవాళ్లు.

నా ఫైనల్ ఇయర్ పరీక్షలు అయిపోయిన వేసవిలోనే ఆయనకి పార్లమెంటు టికెట్ వచ్చింది. గల్లీలో ఆటోకి మైకు కట్టి ఊదరగొట్టారు. మన గల్లీ బిడ్డ ఢిల్లీకి పోతుండు, గురువారం భారీ ర్యాలీతో నామినేషన్ అని. నామినేషన్లకి గురువారమే ఆఖరు రోజు. అంత ఆలస్యం ఎందుకయ్యా అంటే, మొదటి రోజు అష్టమి, మర్నాడు నవమి, తర్వాతి రోజు ఆయన నక్షత్రానికి పడలేదు. ఏమైనా జరిగితే ఇబ్బంది లేకుండా, పార్టీ వాళ్ల పద్ధతి ప్రకారం బామ్మర్ది పేరుతో ఒక డమ్మీ నామినేషన్ వేయిస్తున్నారు. దానికి ముహూర్తం అక్కర్లేదు. అసలు కాగితాలు మాత్రం దేవుడి గదిలో పసుపు రాసి పెట్టుకున్నాడు. వాటిని ఇంకొకరు ముట్టుకోకూడదు, తన చేత్తో తనే ఇవ్వాలి. కార్పొరేటర్‌గా గెలిచినప్పుడు అలాగే ఇచ్చాడు కాబట్టి.

నేను లెక్కల స్టూడెంట్‌ని. ఆంటీ హాస్టల్ డాబా మీద కూర్చుని ఆయన నియమాలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు దాకా. నామినేషన్లు తీసుకునే ఆఫీసు తలుపు మూసేది మూడింటికి. అంటే ఒకటిన్నర లోపలే ఆయన లక్డీకాపూల్ చేరాలి. చెడ్డ శకునమైతే వెనక్కి వెళ్లాలి, కాళ్లు కడగాలి, నీళ్లు తాగాలి, కూర్చోవాలి, సిద్ధాంతికి ఫోన్ చేసి కొత్త ఘడియ అడగాలి. ఆయన కాళ్లకి ఆయనే కట్టుకున్న తాళ్లు ఇవన్నీ. భర్త లేని ఆడవాళ్లు ఎవరైనా ఆయనకి ఎదురు నడిస్తే చాలు. నా డిగ్రీ ఆ సాయంత్రం పనికొచ్చినంతగా మళ్లీ ఎప్పుడూ పనికిరాలేదు.

హాస్టల్ వంటింట్లో ఆంటీకి చెప్పాను. ఆమె తరుగుతున్న కత్తిపీట ఆపేసింది.

"అంటే నేను కూరగాయలకి వెళ్లొస్తే చాలా? ఇంకేం చెయ్యక్కర్లేదా?"

"ఏం చెయ్యొద్దు ఆంటీ. మీ రోడ్డు మీద మీరు నడవండి."

"అబ్బ, ఎన్నాళ్లకి మంచి మాట చెప్పావే తల్లీ!"

ఆ వంటింట్లో వంట చేసే అక్క ఒకామె ఉంది. ఆమెకీ భర్త లేడు. కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేసేది. షూటింగ్ లేని రోజుల్లో ఆంటీ దగ్గర వంట. "నాకు డైలాగ్ ఉంటదా?" అని అడిగింది.

"లేదక్కా. నడవడమే."

"అట్లనా? ఇరవై ఏండ్ల సంది అదే జేస్తున్న. కెమెరా దిక్కు చూడకుంట నడుస్త, నువ్వు చూడు."

ఇంటికెళ్లి అమ్మకి కూడా చెప్పాను. అమ్మ కోపంగా నా వైపు చూసింది. "పెద్దోళ్లతోని మనకెందుకే? సప్పుడు జెయ్యకుండ సదువుకో."

"పరీక్షలు ఒడిసినయ్ గదమ్మా."

"అయితే రిజల్ట్ కోసం సూస్తూ కూసో."

నేనింక అడగలేదు. ఆమె కోసమే చేస్తున్న పని ఆమెకి అక్కర్లేదు. అయినా మానాలనిపించలేదు.

గురువారం బామ్మర్ది పొద్దున్నే ఇద్దరు మనుషులతో కారులో వెళ్లి డమ్మీ నామినేషన్ వేసి, పదకొండింటికల్లా తిరిగొచ్చి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పన్నెండుకి గేటు దాటాడు. తెల్ల బట్టలు, నుదుట నిలువు బొట్టు, చేతిలో పసుపు సంచి. నేను హాస్టల్ డాబా మీద ఉన్నాను. ఆంటీ సంచిలో మునక్కాడలు బయటికి కనిపించేలా పెట్టుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ ఎదురొచ్చింది. ఆమెను లోపలికి పంపాల్సిన కుర్రాళ్లు ఆమె కూరగాయలకి వెళ్లిందని చూసుకోలేదు.

ఆయన ఆగిపోయాడు.

"ఏంటండీ, అలా ఆగిపోయారు? ఎండలో నిలబడకండి, వెళ్లి రండి, శుభం!" అంది ఆంటీ.

ఆయన వెనక్కి తిరిగి లోపలికి వెళ్లాడు. కాళ్లు, నీళ్లు, కుర్చీ, ఫోన్. పన్నెండున్నర దాటాక మళ్లీ వచ్చాడు. ఈసారి వంట అక్క. నేను నడవమన్నాను గాని, ఖాళీ బిందె ఆమె సొంత తెలివి. చంకలో ఖాళీ బిందెతో, నేల చూపులు చూస్తూ, కొడుకు మీద కోపం వచ్చి ఇల్లు వదిలి పోతున్న తల్లిలా నెమ్మదిగా నడిచింది. డప్పులు కొట్టేవాళ్లు కూడా దారిచ్చారు. ఆయన మళ్లీ లోపలికి పోయాడు.

బామ్మర్దికి పిచ్చెక్కింది. "ఒక్క ముసల్ది బయటికొస్తే కాళ్లిరుగుతయ్!" అని గల్లీ రెండు వైపులా కుర్రాళ్లని నిలబెట్టాడు. కార్లు తిప్పించి వెనక గేటు దగ్గర పెట్టించాడు. డాబా మీంచి నాకు అంతా కనిపిస్తోంది. వెనక సందులో మన మనుషులెవరూ లేరు. ఒంటిగంట దాటింది. ఈ నిమిషంలో బయల్దేరితే ఆయన అందుకుంటాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసి, వెనక గేటు మరిచిపోయాను.

అప్పుడు సందు చివర మామిడిపండు రంగు కనిపించింది.

ఆ చీర నేను నాలుగేళ్లుగా చూడలేదు. ట్రంకు పెట్టెలో అడుగున ఉండేది. ఆయన కార్పొరేటర్‌గా గెలిచి పంపిన చీర. దాన్ని కట్టుకుని, చేతిలో పెరుగు ప్యాకెట్ల సంచితో మా అమ్మ సందు మధ్యలో నడిచి వస్తోంది. గోడ పక్కన కాదు, మధ్యలో.

నేను మెట్లు ఎలా దిగానో తెలియదు. వెనక సందుకి చేరేసరికి ఆయన గేటు దాటి నిలబడిపోయి ఉన్నాడు. టీవీ వాళ్లు ఇద్దరు కెమెరాలతో ఆయన పక్కనే ఉన్నారు. ఆయన చీరని గుర్తుపట్టాడు. అది ఆయన ముఖంలో స్పష్టంగా కనబడింది.

"అక్కా" అన్నాడు. కెమెరా ముందు మళ్లీ అక్కా వచ్చింది. "జర పక్కకు జరుగక్కా."

"ఏ గోడ దిక్కు తిరగమంటవన్నా?" అంది అమ్మ. "ఆ పొద్దు ట్రాన్స్‌ఫార్మర్ గోడకు తిప్పిన్రు. ఈడ గోడ లేదు. మోరీ ఉన్నది."

ఎవరో కిసుక్కున నవ్వారు. బామ్మర్ది భుజం పట్టుకోవడానికి ముందుకొచ్చాడు. కెమెరా అటు తిరిగింది. ఆయన బామ్మర్ది చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఎవరు తిప్పారమ్మా మిమ్మల్ని?" అని టీవీ అతను మైకు పెట్టాడు.

"నాకేం తెలుసు కొడకా. నేను పెరుగు ఇయ్యనీకి పోతున్న. ఆయన్ని పొమ్మను. నేను ఆపిన్నా?"

నిజమే, ఎవరూ ఆపలేదు. కారు తలుపు తెరిచే ఉంది, డ్రైవర్ ఇంజన్ ఆన్ చేసే ఉంచాడు. మా అమ్మని దాటి నాలుగు అడుగులు వేస్తే ఆయన పార్లమెంటుకు పోతాడు. నేను ఆయన చెప్పుల వైపే చూస్తున్నాను. ఒక కాలు లేచింది. మళ్లీ అక్కడే దిగింది. వాచీ చూసుకున్నాడు. అమ్మ ముఖం చూశాడు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాతది మేం హాస్టల్ డైనింగ్ హాల్లో టీవీలో చూశాం. రాహుకాలం వచ్చేసింది. కాగితాలు ఒళ్లో పెట్టుకుని దేవుడి గదిలో కూర్చున్నాడట, పైనుంచి పెద్ద నాయకుడు ఫోన్లో తిట్టేదాకా కదల్లేదట. రెండున్నరకి రాహుకాలంలోనే బయల్దేరాడు. పంజాగుట్ట చౌరస్తాలో ఆయన ర్యాలీయే ఆయనకి అడ్డం పడింది. పొద్దుటి నుంచి ఎండలో నిలబెట్టిన జనం. ఆయన కారు చూడగానే మీద పడిపోయారు. దండలు వేశారు, భుజాల మీదకి ఎత్తుకున్నారు. "దించుర్రి! దించుర్రా అరేయ్!" అని ఆయన అరుస్తుంటే, దాన్ని కూడా నినాదం అనుకుని జై కొట్టారు. లక్డీకాపూల్ చేరేసరికి గేటు మూసేశారు. పసుపు సంచి పట్టుకుని గేటు ఊపుతున్న మనిషిని టీవీలో మళ్లీ మళ్లీ చూపించారు. మేమూ మళ్లీ మళ్లీ చూశాం.

"ఇప్పుడు పాయసం పెట్టుకుంటే పిల్లలు తాగుతారంటావా?" అంది ఆంటీ.

"నా సీన్ చూపిస్తలేడేంది?" అని వంట అక్క గొడవ.

జాలి పడలేదా అని తర్వాత ఒకరిద్దరు అడిగారు. లేదు. ఇప్పటికీ లేదు. ఆ గేటు ఊపడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం రెండు ముద్దలు ఎక్కువే వెళ్తుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ చీర ఉతుకుతోంది.

"అమ్మా, ఎందుకు పోయినవ్?"

"పెరుగు ఇయ్యనీకి."

"వెనక సందులకెళ్లా? ఆ చీర కట్టుకొనా?"

"ఉతుకుదామని తీసిన. ఉతికే ముందు ఒకపారి కట్టుకుందామనిపించింది." సబ్బు నురగలో ఆమె చేతులు కదులుతూనే ఉన్నాయి. "వాడు భయపడ్డడే" అంది. "అంత పెద్ద మనిషి. నన్ను చూసి గజగజ వణికిండు." నవ్వింది. నాన్న పోయాక ఆ నవ్వు నేను వినలేదు.

పగ అక్కడితో తీరితే నాకు చాలు. కానీ ఇంకా ఉంది. డమ్మీ నామినేషన్ చెల్లింది కదా! పార్టీకి వేరే దారి లేక బామ్మర్దినే నిలబెట్టింది. గల్లీలో ఫ్లెక్సీలు మారాయి. ఇప్పుడు బామ్మర్ది నిలువెత్తు, బావ కింద మూలన గోరంత. ఆయన ఎమ్మెల్యే సీటు అప్పటికే వేరేవాళ్లకి ఇచ్చేశారు. బామ్మర్ది ఓపెన్ టాప్ జీపు మీద నిలబడి చేతులూపితే, కార్పొరేటర్‌గా, ఎమ్మెల్యేగా ఈ గల్లీని ఏలిన మనిషి వెనక సీట్లో కూర్చుని బామ్మర్ది ఫోన్లు పట్టుకున్నాడు. ఆ ఏడాది పార్టీ గాలిలో బామ్మర్ది ఎంపీ అయిపోయాడు. ఓడిపోయినా ఆయనకి అంత శిక్ష పడేది కాదు. నేను గల్లీ చివర ఆగి, కింద మూలనున్న ఫోటో కోసం వెతుక్కుని, దానికి నా రిజల్ట్ చెప్పాను.

అవును, రిజల్ట్ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంలో చేరాల్సిన రోజు, కొత్త ఎంపీ ప్రమాణం చేయడానికి ఢిల్లీ వెళ్లే రోజు ఒకటే అయ్యాయి.

నేను అద్దం ముందు జడ వేసుకుంటుంటే గుమ్మంలో గొంతు వినిపించింది. "అక్కా!" అని. ఎంపీ గారే స్వయంగా వచ్చాడు. గంజి పెట్టిన తెల్ల బట్టలు, వెనక గన్‌మన్, చేతిలో చీర కవరు.

"అక్కా, ఆ పొద్దు నువ్వు బావకు ఎదురొచ్చినవ్, నేను ఎంపీనైన. నీ ముఖం నాకు మస్తు కలిసొచ్చింది. ఢిల్లీకి పోతున్న. జర ఎదురు రా అక్కా."

దువ్వెన జడలోనే ఉండిపోయింది. అమ్మ ఏమంటుందో అని తలుపు పక్కకి జరిగాను. అమ్మ చీర కవరు వైపు చూడలేదు.

"ఎన్ని గంటలకు?" అంది.

"తొమ్మిదింటికి మంచిగుందన్నడు సిద్ధాంతి."

"తొమ్మిదింటికి నాకు వీలు కాదు. నా బిడ్డ నౌకరికి పోతుంది. దానికి ఎదురు రావాలె నేను."

నాలుగేళ్లు వంటింటి తలుపు వెనక నిలబడ్డ మా అమ్మ అన్న మాట ఇది.

"ఆగుతనక్కా" అన్నాడు ఎంపీ. "ముందుగాల బిడ్డకు రా. నేను ఆగుత."

"ఆగుతవా? ఆగు మరి." అమ్మ చెయ్యి చాపి ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూపించింది. "గా గోడ దిక్కు తిరిగి నిలవడు. నా బిడ్డ మొదటిసారి నౌకరికి పోతుంటే నీ ముఖం ఎదురు రావొద్దు. అది పోయేదాంక ఇటు తిరగకు."

కోప్పడతాడనుకున్నాను. గన్‌మన్ కూడా అదే అనుకున్నట్టు నిటారుగా అయ్యాడు. కానీ నమ్మకం నమ్మకమే. బావ అమ్మ ముఖం చూసి వెనక్కి తిరిగినందుకే తను ఎంపీ అయ్యాడు. ఆ మనిషి చీర కవరు పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నడిచి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గన్‌మన్ ఎటు తిరగాలో తెలియక సగం తిరిగాడు.

అమ్మ ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీసుకుని గల్లీ చివరి దాకా వెళ్లింది. వెనక్కి తిరిగి గల్లీ మధ్యలో నాకు ఎదురు నడిచి వచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతికి గాజులు లేవు. ప్యాకెట్‌కి చెమట పట్టి నీళ్లు ఆమె వేళ్ల మీద కారుతున్నాయి. దగ్గరికి వచ్చాక నా చెంప మీద ఆ తడి చెయ్యి పెట్టింది. "పో బిడ్డా" అంది.

హాస్టల్ కిటికీల నిండా ఆడపిల్లలు. ఆంటీ గేటు ముందే నిలబడి ఉంది, ఎవరూ ఆమెను లోపలికి పొమ్మనలేదు.

గల్లీ మలుపులో వెనక్కి తిరిగి చూశాను. అమ్మ ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. ఎంపీ ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నాడు. నా బస్సొచ్చింది.